కార్డులు ఏడు, కవరు ఒకటి

ఇప్పగూడ, కెరమెరి మీదుగా
12 జూన్ 1957

రామచంద్రం బావకు సిద్దిరాములు దండాలు. నర్మదక్కను అడిగానని చెప్పు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. బడికి పిల్లలు రారు, పోస్టుకు జనం రారు. బడిపంతులు పని, పోస్టుమాస్టరు పని రెండూ నా ఒక్కడి నెత్తిన రుద్దిన సర్కారు చల్లగా ఉండాలి. ఒక్క సంగతి అడగడానికి రాస్తున్నాను.

మా టపా రన్నరు రాయమల్లు నీకు తెలుసు. నువ్వు పోయినేడు వచ్చినప్పుడు గజ్జెల బల్లెం మోగించుకుంటూ ఘాట్ మీద ఎదురొచ్చి, నీ పెట్టె మోసినవాడు. ఉగాదికి ముందు వాడికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పోతాడనుకున్నాం, పోలేదు. మూడు నెలలు మంచంలో ఉండి లేచి మళ్లీ సంచి భుజానికేసుకున్నాడు. ఇక్కడి నుంచి కెరమెరి దాకా పన్నెండు మైళ్లు, ఒక రోజు పోవడం, ఒక రోజు రావడం. ఇదివరకు మధ్యాహ్నానికి చేరేవాడు, ఇప్పుడు పొద్దుగూకుతోంది. అయినా లేచాక ఒక్క టపా తప్పలేదని మీసం దువ్వుతాడు. ఆ మీసం కూడా ఇప్పుడు ఒక పక్కకే లేస్తోంది.

దసరా దాటాక ఇన్‌స్పెక్టరు వస్తాడట. రన్నరును నడిపించి చూసి, ఉంచాలో తీసెయ్యాలో రాసి పోతాడట. తీసేస్తే ఆ జాగాలో మన హనుమండ్లును పెట్టించే పూచీ నాది. నీ తమ్ముడు మగ్గం అమ్ముకుని తొమ్మిది నెలలుగా నీ ఇంట్లో తిని పడుకుంటున్నాడని అక్క రాసింది. రాయమల్లుకు చేను లేదు, చెలక లేదు, ఈ సంచి ఒక్కటే దిక్కు. అది నాకూ తెలుసు. కానీ మన ఇంటి కుండ చూసుకోవాలి కదా.

వాడి మీద నాకు పగ ఏమీ లేదు. అబద్ధమెందుకు, కొంచెం ఉంది. పోయిన దసరాకు అక్కకు రెండు సేర్ల నెయ్యి పంపుదామని సంచిలో వెయ్యమంటే, "సర్కారు సంచిల టపా తప్ప ఏం వెయ్య, పంతులూ" అన్నాడు, నలుగురి ముందర. పన్నెండేళ్లు మోసేసరికి ఆ సంచి వాడికి దేవుడై కూర్చుంది.

పక్షవాతం వచ్చి లేచినవాడు నిలకడగా నడుస్తాడా, పడతాడా అనేది మీ దవాఖానలో ఎట్లా చూస్తారు? వివరంగా రాయి. కార్డు మీద రాశానని కంగారుపడకు. దీన్ని మోసుకొచ్చేది వాడే, కానీ వాడికి చదువు సున్నా. మూడేళ్ల కింద వయోజనుల బడి లెక్క చూపించడానికి వాడి పేరు కూడా రాశాను. నాలుగు రోజులు పలక పట్టుకుని కూర్చున్నాడు. నీ బుర్రలో బల్లెం దిగుతుంది గానీ అక్షరం దిగదురా అని పంపించేశాను.

సిద్దిరాములు


కరీంనగర్
24 జూన్ 1957

సిద్దిరాములుకు,

నీ కార్డు చదివి మీ అక్క నవ్వింది. నేను నవ్వలేదు.

మా డాక్టరు సాబు పక్షవాతం వచ్చినవాళ్లను ఇంటికి పంపేముందు నడిపించి చూస్తాడు. పక్కన నిలబడేది నేనే కాబట్టి నాకు తెలుసు. పీట మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లెమ్మను. పది అడుగుల దూరంలో గీత గీసి, అక్కడి దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమను. గడియారం చూడు. అందులోనూ తిరగడం ముఖ్యం. ఏ పక్కకు తిరిగాడు, ఎన్ని అడుగుల్లో తిరిగాడు చూడు. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టించి కళ్లు మూసుకోమను, ఊగుతాడేమో చూడు. సుద్దగీత మీద మడమకు వేళ్లు తగిలేటట్టు నడిపించు. ఆఖరికి, నడుస్తుండగా ఏదైనా మాట అడుగు. జవాబు చెప్పడానికి నడక ఆగిపోయిందంటే వాడి బుద్ధంతా కాళ్ల మీదే ఖర్చవుతోందని లెక్క. అట్లాంటివాడు ఎప్పుడో ఒకప్పుడు పడతాడు.

నువ్వు వాడి ఎడమ పక్కన, నడుము వెనక చెయ్యి పెట్టి నిలబడాలి. పడబోయేవాడిని పట్టుకోవడానికి పెట్టిన పరీక్షలివి. ఇన్‌స్పెక్టరుకు చాడీలు మోయడానికి కావు. ఏం తేలిందో రాస్తే, పడకుండా ఉండడానికి ఏం చెయ్యాలో చెబుతాను. పోయినేడు నా పెట్టె మోసి, డబ్బులిస్తే తీసుకోని మనిషి అతను. హనుమండ్లు సంగతి దీనితో కలపకు.

రామచంద్రం


ఇప్పగూడ
9 జూలై 1957

బావకు,

పరీక్ష పెట్టాను. నాకు డాక్టరీ కూడా వచ్చేసింది.

బడి వరండాలో, సరిగ్గా బడి వదిలే వేళకు పెట్టాను. చూసేవాళ్లు లేకపోతే ఆట రక్తి కట్టదు. పీట మీద నుంచి లేవడానికి మూడుసార్లు ముందుకు ఊగాడు. గీత దాకా పోయి వచ్చి కూర్చునేసరికి ముప్ఫై ఎనిమిది సెకన్లు. ఎడమకు తిరగబోయి గోడ పట్టుకున్నాడు. కళ్లు మూసుకోమంటే సీసా కల్లు దించినవాడిలా ఊగాడు. సుద్దగీత మీద నాలుగో అడుగుకే గీత ఒక దారి, వాడొక దారి. పిల్లలు పడిపడి నవ్వారు. సద్ది తెచ్చిన వాడి భార్య కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకుని మూలన నిలబడింది.

నడుస్తుండగా "నీ పెద్దబిడ్డ పేరేందిరా?" అని అడిగాను. ఆగిపోయాడు. సొంత బిడ్డ పేరు చెప్పడానికి నిలబడిపోయాడు బావా. చెప్పాక మళ్లీ ఏ కాలు ముందర వెయ్యాలో మరిచిపోయాడు.

నువ్వు పక్కన నిలబడమన్నావు. నిలబడితే నన్ను పట్టుకుంటాడు, ఇక పరీక్షేముంది? ఒకసారి మోకాలి మీద పడ్డాడు. కొంచెం తోలు లేచింది, అంతే.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. పరీక్ష అయిందాకా బల్లెం గోడకు ఆనించి పెట్టించాను. అయ్యాక చేతికిస్తే, గజ్జెలు మోగించుకుంటూ ఆ చప్పుడుకు అడుగు కలుపుకుని ఏమీ కానట్టే వెళ్లిపోయాడు. ఇదేం మాయ?

సిద్దిరాములు


కరీంనగర్
20 జూలై 1957

సిద్దిరాములుకు,

తోలు లేచింది, అంతే అని రాశావు. తుంటి విరిగితే ఏమని రాసేవాడివి? పసిపిల్లల ముందర, పెళ్లాం ముందర ఆడించావు చూడు, దానికి నాకు సిగ్గుగా ఉంది. నీకు లేనట్టుంది.

మాయ ఏమీ లేదు. పాడైన కాలికి ఎప్పుడు కదలాలో లోపలి నుంచి కబురు సరిగ్గా అందదు. గజ్జెల చప్పుడు ఆ కబురు బయటి నుంచి ఇస్తుంది. మా డాక్టరు సాబు చిటికెలు వేస్తూ నడిపించేది ఇందుకే. బల్లెం అతని చేతిలోంచి తీయకు.

ఇవి రాయమల్లుకు ఒక్కటీ వదలకుండా చెప్పు. ఎప్పుడూ కుడికే తిరగాలి. అదీ గిరుక్కున తిరగొద్దు, చిన్న చుట్టు తీసుకుని తిరగాలి. సంచి కుడి భుజానికే వేసుకోవాలి. నడుస్తుండగా ఎవరు పలకరించినా ముందు రెండు కాళ్లూ ఆనించి నిలబడి, ఆ తర్వాతే జవాబివ్వాలి. ఎడమ బొటనవేలు నేలకు రాసుకోకుండా మెత్తటి పేలికతో పాదాన్ని పైకి లాగి మోకాలి కింద కట్టుకోవాలి. రోజూ పొద్దున చేతులు ఆనించకుండా పీట మీద నుంచి పదిసార్లు లేవాలి. ఇట్లా చేస్తే ఘాట్ ఎక్కి దిగినా భయం లేదు.

హనుమండ్లుకు ఇక్కడ పని దొరకలేదు. అది నా తలనొప్పి, నేను పడతాను.

రామచంద్రం


ఇప్పగూడ
2 సెప్టెంబర్ 1957

బావకు,

నువ్వు చెప్పమన్నవాటిలో ఒక్క ముక్క కూడా వాడికి చెప్పలేదు. నాకేం పిచ్చా? కానీ నిన్న మళ్లీ పరీక్ష పెడితే నాకే చెమట పట్టింది. ఒక్క ఊపుకు పీట మీద నుంచి లేచాడు. గీత దగ్గర కుడికి, చిన్న చుట్టు తీసుకుని తిరిగాడు. బిడ్డ పేరు అడిగితే ముందు రెండు కాళ్లూ ఆనించాడు, నా మొహంలోకి చూశాడు, అప్పుడు చెప్పాడు. పందొమ్మిది సెకన్లు. పాదానికి కొమురవ్వ పాత చీర పేలిక కట్టుకుని ఉన్నాడు. ఎవడు నేర్పాడురా అని అడిగితే, "తొవ్వనే నేర్పింది, పంతులూ" అన్నాడు. కొండగట్టుకు మొక్కుకున్నాడట. ఆంజనేయస్వామి దవాఖాన పెట్టినట్టున్నాడు.

ఇన్‌స్పెక్టరు కార్తీక పున్నమి దాటాక వస్తాడని కబురు. వీడు సాబు ముందర ఇట్లాగే నడిస్తే ఇంకో పదేళ్లు ఊడడు. బావా, నీ మంచితనం పీట వేసుకుని ఎవరి కంచంలో తింటోందో అక్క నాకు ప్రతి వారం రాస్తోంది. పడకుండా ఉండే ఉపాయాలు ఇన్ని తెలిసినవాడికి, ఎప్పుడు పడతాడో కూడా తెలిసే ఉంటుంది. అది రాయి.

సిద్దిరాములు


కరీంనగర్
14 సెప్టెంబర్ 1957

సిద్దిరాములుకు,

ఆ మాట నన్ను మళ్లీ అడగకు. నేను రోగుల కాళ్లు పట్టి నిలబెట్టి బతికేవాడిని.

రామచంద్రం


ఇప్పగూడ
28 సెప్టెంబర్ 1957

బావకు,

నీ కార్డు అందింది. గాంధీ టోపీ కూడా ఒకటి కొనుక్కో, బాగుంటుంది.

ఆ కార్డు ఇచ్చేటప్పుడు రాయమల్లు నాకు చెయ్యెత్తి దండం పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. కొమురవ్వ కూడా ఆ రోజు మా ఇంటికి సీతాఫలాలు పంపింది. ఎందుకో తెలియదు. నడక బాగుపడేసరికి గర్వం వచ్చినట్టుంది. సీతాఫలాలు మాత్రం తియ్యగా ఉన్నాయి.

అక్క రాసింది చెబుతున్నాను, నీకు తెలియకపోతే తెలుసుకో. హనుమండ్లు ఆమె వెండి కడియాలు తీసుకెళ్లి కల్లు దుకాణంలో ఇచ్చాడు. నీకు చెబితే ఇంట్లోంచి తరిమేస్తావని చెప్పలేదట. రాయమల్లు ఎవరు నీకు? పెట్టె మోసినవాడు. హనుమండ్లు ఎవరు? మీ అవ్వ చచ్చిపోతూ నీ చేతిలో పెట్టినవాడు. నేను ఇక అడగను.

సిద్దిరాములు


కరీంనగర్
19 అక్టోబర్ 1957
(కవరులో)

సిద్దిరాములుకు,

ఇది కవరులో పంపుతున్నాను. ఎందుకని అడగవద్దు.

పోయిన శుక్రవారం హనుమండ్లు తాగి దవాఖానకు వచ్చాడు. మందుల గది ముందర నిలబడి, నా పేరు చెప్పి రోగుల దగ్గర రూపాయలు అడిగాడు. ఇంకోసారి వాడు ఈ గడప తొక్కితే నీ నౌకరీ ఉండదని డాక్టరు సాబు అందరి ముందర అన్నాడు. పదహారేళ్లలో నన్ను ఒక మాట అనని మనిషి. మీ అక్క నాలుగు రోజులుగా నాతో మాట్లాడడం లేదు.

రాయమల్లు గురించి కొన్ని జాగ్రత్తలు రాస్తున్నాను. జాగ్రత్త కోసమే రాస్తున్నాను, గుర్తుపెట్టుకో. మూడు సంగతులు ఒక్కసారి కలవకూడదు. గజ్జెల చప్పుడు లేకపోవడం ఒకటి. సంచి ఎడమ భుజం మీదికి మారడం ఒకటి. కుడికి తిరుగుతూ ఇంకా సగంలో ఉండగా, ఎడమ వెనక నుంచి ఎవరైనా లెక్క అడగడం ఇంకొకటి. పేరు అడిగితే ఆగడం అతనికి అలవాటైంది, లెక్కకు కాలేదు. అందులోనూ తన పని లెక్క, పై అధికారి ముందర అడిగితే, తడుముకుంటే ఎక్కడ మాట వస్తుందోనని ఆగకుండానే చెబుతాడు. ఈ మూడూ కలిస్తే నిలబడలేడు. ఎడమకు పడతాడు. అందుకని కలవకుండా చూసుకో.

ఇన్‌స్పెక్టరు ఏ తారీఖున వస్తాడో నువ్వు రాయలేదు. హనుమండ్లు ఖాకీ బట్ట తెచ్చుకుని నిక్కరు కుట్టించుకున్నాడు.

రామచంద్రం


ఇప్పగూడ
12 నవంబర్ 1957

బావకు,

నీ జాగ్రత్తలు అందాయి. పొల్లు పోకుండా పాటించాను.

ముందు ఒక సంగతి. కవరు తెచ్చిన రోజు రాయమల్లు దాన్ని వెంటనే ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని "గీసారి కవరు పంపిండ్రు" అన్నాడు. నీకెందుకురా అని లాక్కున్నాను. నేను చదువుతున్నంతసేపూ గడపలో నిలబడి నా మొహమే చూశాడు. మంచినీళ్లు కావాలా అంటే వద్దన్నాడు.

నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముసలాయన, మెత్తని మనిషి. పన్నెండేళ్ల నౌకరీ, ఘాట్ దారి అని ముందే జాలిపడుతున్నాడు. కూర్చున్న చోటే ఉంచమని రాసిచ్చి పోయేటట్టుంటే, ఒకసారి నడిపించి చూడండి సాబ్ అని నేనే పీట వేయించాను. గజ్జెలు చిలుము పట్టాయని నేను ముందు రోజే విప్పించి చింతపండు నీళ్లలో వేయించాను. సర్కారు సొత్తు సాబు ముందర మెరవాలి కదా. సంచి పట్టీ ఒరిసి వాడి కుడి భుజం పుండైంది. ఆ పుండు మీద పట్టీ మళ్లీ ఒరవకూడదని నా చేతులతోనే సంచి ఎడమకు మార్చాను. "ఎడమకా, పంతులూ?" అన్నాడు. అవునన్నాను. నా కళ్లలోకి చూసి, పట్టీ సర్దుకున్నాడు.

పీట మీద నుంచి లేచాడు. నడిచాడు. గజ్జెలు లేకపోయినా పెదవులు కదుపుతూ లోపల్లోపలే ఏదో లెక్క పెట్టుకుంటూ నడిచాడు. సాబు తల ఊపుతున్నాడు. గీత దగ్గర కుడికి తిరగడం మొదలుపెట్టాడు. నేను ఎడమ వెనక నుంచి అడిగాను: "రాయమల్లూ, ఇయ్యాల కార్డులెన్ని, కవర్లెన్ని?"

ఆగలేదు బావా. నువ్వు రాసిందే నిజం.

"కార్డులు ఏడు, కవరు" అన్నాడు. అంతే, పడ్డాడు. వరండా మెట్టు అంచుకు తుంటి తగిలింది. ఎండుకట్టె విరిచినట్టు వచ్చిన చప్పుడు సాబుకు కూడా వినిపించింది. లేపబోతే ముందు సంచి తీసి పైన పెట్టమన్నాడు. సంచి పైన పెట్టాకే అరిచాడు. కొమురవ్వ వచ్చి వాడి తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో మొహం తుడిచింది. నన్ను తిడుతుందనుకున్నాను.

సాబు అక్కడే రాసేశాడు, పనికి రాడని. నేను కూడా కళ్లు తుడుచుకున్నాను, చూసేవాళ్లు ఉన్నారు మరి. హనుమండ్లును వెంటనే పంపు. అక్కకు చెప్పు, ఇక నుంచి నెయ్యి టపాలోనే వస్తుంది.

సిద్దిరాములు


కరీంనగర్
25 నవంబర్ 1957

సిద్దిరాములుకు,

హనుమండ్లు రేపు బయల్దేరుతున్నాడు. మీ అక్క మాట్లాడుతోంది. నిన్న బూరెలు చేసింది.

రాయమల్లును ఇక్కడికి తీసుకురావచ్చా అని కొమురవ్వ అడిగించినట్టు తెలిసింది. లాభం లేదని చెప్పు. డాక్టరు సాబును అడిగి రాయడం లేదు. అడిగితే ఎట్లా పడ్డాడని అడుగుతాడు, ఆయన అన్నీ అడుగుతాడు.

హనుమండ్లు చేతికి ఒక గొంగడి ఇచ్చాను. రాయమల్లుకు ఇవ్వు. నేనిచ్చానని చెప్పవద్దు. ఆ కవరు కాల్చెయ్యి.

రామచంద్రం


ఇప్పగూడ
18 జనవరి 1958

కరీంనగర్ దవాఖాన కంపౌండరు రామచంద్రం సాబుకు, టపా మోసిన రాయమల్లు శనార్థులు.

గొంగడి ముట్టింది. మీరు ఇచ్చిండ్రని మీ తమ్ముడు చెప్పిండు.

నాకు చదువు రాదని మీరు అనుకున్నరు. పంతులు నాలుగు దినాలే చెప్పిండు. మిగిలింది సంచిల చిరునామాలు చెప్పినయి. తొవ్వ పొంటి ఒక్కొక్క కార్డు పట్టుకొని కూడవలుక్కొని నేర్చుకున్న. కార్డు నలుగురు సూసేదే గద, తప్పు లేదనుకున్న. మీ మొదటి రెండు కార్డులు ఘాట్ మీద కూసోని సదివిన. కుడికి తిరుగుడు, ఆగి జవాబు చెప్పుడు, పాదానికి పేలిక, పొద్దుగాల పదిసార్లు లేసుడు, అన్ని మీరు రాసినట్టే చేసిన. పంతులు ఏం చెప్పలే. నన్ను నడిపిచ్చింది మీరే. మీ పేరు మీద గూడ కొండగట్టుకు ఓ కొబ్బరికాయ మొక్కిన.

పంతులు మీకు రాసినయి గూడ సదివిన. ఆ మాట మళ్లీ అడగకు అని మీరు రాసిన కార్డు కొమురవ్వకు సదివి వినిపిచ్చిన. ఆమె ఏడ్చింది. కంపౌండరు సాబు ఉన్నడు, మనకు ఫికర్ లేదన్న.

ఎనుక కవరు వచ్చింది. అండ్ల నా సంగతే ఉన్నదని ఎరుకే. ఎండకు పట్టి సూసిన. మడత మీద మడత, ఏం కనవడలే. అంటిచ్చిన కాడ గోరు వెట్టిన. మల్ల గోరు ఎనుకకు తీసిన. కార్డు వేరే, కవరు వేరే. పన్నెండేండ్లల్ల ఒక్క కవరు చింపలే. అది చింపి సదివి ఉంటే నేను పడకపోతుంటి. అయినా మీరు రాసింది గద, మంచే ఉంటదనుకొని తెచ్చి పంతులు చేతిల వెట్టిన.

తుంటి అతుకలే. అన్ని మంచంలనే. కొమురవ్వ ఎత్తి పండవెడుతది. ఈ కార్డు మీ తమ్ముడే తెస్తడు. సంచిల నెయ్యి సీస పక్కన ఉంటది, మరకలు పడితే ఏమనుకోవద్దు.

మంచంల ఉన్నోనికి పరీక్షలు ఏమన్న ఉంటే రాయుండ్రి, మీరు ఎట్ల చెప్తే అట్ల చేస్త. కార్డు మీదనే రాయుండ్రి.

రాయమల్లు